ఇఫ్తారు సరే, గోడ ఎప్పుడు?

వారం వారం ప్రజాప్రతినిధుల ప్రకటనలు మా ఆఫీసుకొస్తాయి. ఫలానా వీధిలో సిమెంటు రోడ్డు, ఫలానా ఊళ్లో సామాజిక భవనం, ఇన్ని లక్షలు. శ్రీకాకుళంలో విలేకరిగా ఏళ్ల తరబడి ఇవి దిద్దాను. వాటిలో మా ఊసు కనిపించేది రంజాన్ నెలలోనే. నెత్తిన టోపీ, చేతిలో ఖర్జూరం, ఒక ఫొటో.

ఈ ఊళ్లో 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జుమ్మా మసీదుంది. మేం నిన్నమొన్న వచ్చినవాళ్లం కాదు. కానీ ఓట్ల లెక్కలో గుప్పెడు మందిమి. గుప్పెడు మందికి గుప్పెడు ఖర్జూరాలు చాలనుకుంటారు నాయకులు.

తప్పు వాళ్లదేనా? 1993లో 5 లక్షలతో మొదలైన ఎంపీ నిధులు 2011 నుంచి ఏడాదికి 5 కోట్లయ్యాయి. ఎంపీ సిఫారసు చేస్తాడు, జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది. దళితవాడలకు 15 శాతం, గిరిజన ప్రాంతాలకు 7.5 శాతం అని నిబంధన ఉంది. మైనారిటీలకు అలాంటి వాటా లేదు. ప్రార్థనాస్థలాలకు పైసా ఇవ్వకూడదనీ ఉంది. అది న్యాయమే. లౌకిక రాజ్యంలో అలాగే ఉండాలి.

అయితే శ్మశానాల్లో కట్టడాలకూ, బడి గదులకూ, మంచినీళ్లకూ ఆ డబ్బు వాడొచ్చు. మనం వెళ్లి అడిగేదేమిటి? మసీదుకి రంగులు. 'రూల్సు ఒప్పుకోవు భాయ్' అంటాడాయన. ఇఫ్తారుకి మాత్రం తప్పక వస్తానంటాడు. ఇద్దరం సంతోషంగా విడిపోతాం. ఖబరస్తాన్ గోడ లేవదు. పిల్లల బడికి గది రాదు.

అర్జీ రాయడం మనకి రాదా? ఇంట్లో ఉర్దూ మాట్లాడినా బజారులో తెలుగే కదా మన నోట! వచ్చే రంజాన్‌కి ఖర్జూరం పళ్లెంతోపాటు ఆ అర్జీ కూడా ఆయన ముందు పెడదాం.