కరవది స్వరం, అమరావతి రేఖ

సంగీతంలో స్వరం, చిత్రకళలో రేఖ అనేవి విద్యార్థికి తొలి తరగతుల్లోనే పరిచయమయ్యే మాటలైనా, వాటిని నిర్వచనాలుగా వల్లె వేయించి పరీక్షలో రాయించడంతోనే బోధన ముగిసిపోయిన చోట అవి ప్రాణం లేని పదాలుగా మిగిలిపోతాయి. నిర్ణీత స్థాయిలో నిలిచే నాదం స్వరమనీ, బిందువు కదలిన జాడ రేఖ అనీ చెప్పడం తప్పు కాదు గానీ, ఆ మాటలకు చెవీ కన్నూ సాక్ష్యం పలికినప్పుడే అవి విద్యార్థి సొంతమవుతాయి.

ఒంగోలు పిల్లలకు ఆ సాక్ష్యం ఇంటి దగ్గరే ఉంది. పక్కనున్న కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా సాహెబ్, చిలకలూరిపేటలో ఆదం సాహెబ్ వద్ద నాదస్వరం నేర్చి, తంజావూరు బాణీ మీది మక్కువతో తమిళదేశం వెళ్లి అక్కడా శిష్యరికం చేసి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదును అందుకున్నారు. నాదస్వరంలో వేళ్లతో మూసి తెరిచే రంధ్రాలు ఏడే. కర్ణాటక సంగీతంలోని స్వరస్థానాలు, అంటే ఒక స్థాయిలో స్వరం నిలవగల మెట్లు, పన్నెండు. మిగిలిన మెట్లను వాయిద్యకారుడు రంధ్రాన్ని సగం తెరిచి, ఊపిరి ఒత్తిడినీ పీక మీద పెదవి పట్టునూ మార్చి సాధిస్తాడు కనుక, ఒక స్వరం నుంచి మరో స్వరానికి నాదం తెగకుండా జారుతుంది. స్వరాన్ని ఇలా కదిలించి, ఊపి, పక్క స్వరాన్ని తాకించి పలికించడమే గమకం. చినమౌలానా రాగాలాపన రికార్డును శ్రద్ధగా వింటే, స్వరం చుక్కలా కాక గీతలా సాగుతుందన్న సంగతి నిర్వచనం అక్కరలేకుండానే బోధపడుతుంది.

సౌష్ఠవం, అంటే ఒక సగం మరో సగానికి సరిజోడుగా ఉండటం, చిత్రకళ పాఠాల్లో సీతాకోకచిలుక బొమ్మతో ఆగిపోతున్నది. కానీ అది సంగీతంలోనూ ఉంది. పురందరదాసు ఏర్పరచినట్టు సంప్రదాయం చెప్పే తొలి సంగీత పాఠాలైన సరళీ వరుసలు మాయామాళవగౌళ రాగంలో ఉన్నాయి; అందులో షడ్జమం నుంచి మధ్యమం దాకా మెట్ల మధ్య ఎంతెంత ఎడం ఉందో, పంచమం నుంచి పైషడ్జమం దాకా సరిగ్గా అంతంతే ఎడం ఉంటుంది. పూర్వాంగం, అంటే ఆ మొదటి సగం, పాడిన గొంతు రెండో సగమైన ఉత్తరాంగంలో అదే నడక నడుస్తుంది. కన్ను చూసే సౌష్ఠవాన్ని చెవి కూడా పట్టగలదని చెప్పడానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు.

అయితే సౌష్ఠవం వేరు, సమతౌల్యం వేరు. సరిజోడు కాని భాగాలు కూడా ఒకదాని బరువును మరొకటి ఆపగలవు. ఈ భేదాన్ని అమరావతి శిల్పి సుమారు 2వ శతాబ్దంలో పలనాటి సున్నపురాతి పలక మీద చూపించాడు. మదించిన నలగిరి అనే ఏనుగును బుద్ధుడు శాంతింపజేసిన ఘట్టం ఒకే వలయంలో ఉంది. ఎడమ సగంలో ఏనుగు వీధిలో విరుచుకుపడుతుంటే జనం బెదిరి ఒకరి మీద ఒకరు ఒరిగిపోతున్నారు, అక్కడి రేఖలన్నీ వాలుగా పరుగెత్తుతున్నాయి. కుడి సగంలో అదే ఏనుగు బుద్ధుని పాదాల ముందు మోకరిల్లింది, అక్కడి రేఖలు నిట్టనిలువుగా స్థిరపడ్డాయి. కలవరపు బరువును నిశ్చలత మోస్తున్నది. సంగీతంలా కాలంలో సాగలేని రాయి రెండు కాలాలను ఒకే చూపులో నిలపడం చిత్రకళకు గల ప్రత్యేక శక్తి. లయ, అంటే నడకలోని క్రమం, ఇక్కడ తాళపు దెబ్బల మీద కాక రేఖల వాలు మీద నడుస్తుంది.

ఈ పలక చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఒంగోలులో పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నానికి దాని ముందు నిలబడవచ్చు. ఏడాదికి ఒక తరగతి పిల్లలనైనా, చేతికి పెన్సిలూ కాగితమూ ఇచ్చి, అక్కడికి తీసుకువెళ్లడం ఏ పాఠశాలకైనా సాధ్యమయ్యే పనే.