రాజ్యాంగానికి కాపలా ఎవరు? కార్ల్ ష్మిట్ ఆలోచన, ఆచరణ

భారత రాజ్యాంగ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి డీటర్ కాన్రాడ్ పేరు కొత్త కాదు. హైడెల్‌బర్గ్‌లో దక్షిణాసియా న్యాయవ్యవస్థలను అధ్యయనం చేసిన ఈ జర్మన్ ఆచార్యుడు 1965 ఫిబ్రవరిలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఒక ప్రసంగం చేశాడు. రాజ్యాంగాన్ని సవరించే అధికారానికి, ఎక్కడా రాసి పెట్టకపోయినా, కొన్ని హద్దులుంటాయన్నది ఆ ప్రసంగ సారాంశం. మూడింట రెండు వంతుల బలం ఉంది గనుక మొగలాయీల ఏలుబడినో బ్రిటిష్ కిరీటాన్నో పార్లమెంటు తిరిగి తేగలదా అని ఆయన అడిగాడు. ఆ ప్రశ్న గోలక్‌నాథ్ కేసు (1967) వాదనల్లోకీ, తర్వాత కేశవానంద భారతి తీర్పులోకీ (1973) ప్రవేశించింది. 'రాజ్యాంగ మౌలిక స్వరూపం' అన్న మాట ఇవాళ దినపత్రికల్లో కూడా కనిపిస్తుంది.

ఈ సిద్ధాంతానికి వంశవృక్షం గీస్తే కాన్రాడ్‌కు పైన మరో పేరు రాయవలసి వస్తుంది. ఆ పేరు కార్ల్ ష్మిట్ (1888–1985). అక్కడికొచ్చేసరికి చాలామంది గొంతు తగ్గిస్తారు. రాజ్యాంగపు గుండెకాయను సవరణలతో కోసెయ్యకూడదని 1928లో వాదించిన ఈ మనిషి, 1934లో హిట్లర్ చేయించిన హత్యలకు న్యాయశాస్త్రం పేరుతో సమర్థన రాశాడు. 'ఆలోచన వేరు, మనిషి వేరు' అని తేల్చేసి ముందుకు పోవడం తేలిక. ష్మిట్ విషయంలో ఆ తేలిక దారి చెల్లదని నా అభిప్రాయం.

ష్మిట్ వెస్ట్‌ఫాలియాలోని ప్లెట్టెన్‌బెర్గ్ అనే చిన్న ఊళ్ళో, ప్రొటెస్టంట్ల మధ్య బతికిన కాథలిక్ కుటుంబంలో పుట్టాడు. గ్రైఫ్స్‌వాల్డ్, బాన్, బెర్లిన్‌లలో బోధించాడు. మొదటి ప్రపంచయుద్ధపు ఓటమిలోంచి పుట్టిన వైమార్ గణతంత్రం తిరుగుబాట్ల మధ్య, ద్రవ్యోల్బణం మధ్య ఊగిసలాడుతున్న కాలమది. ఆ కాలమే ఆయన ప్రశ్నను నిర్ణయించింది. చట్టం సాఫీగా నడిచే రోజుల్ని చూస్తే అధికారం ఎవరిదో తెలియదనీ, చట్టాన్ని ఆపవలసిన రోజు వచ్చిందని ఎవరు తేల్చగలరో చూస్తేనే అది బయటపడుతుందనీ 1922లో అచ్చయిన చిన్న పుస్తకంలో వాదించాడు. ఆయన వచనం చురుగ్గా ఉంటుంది. నిజానికి అదే పెద్ద చిక్కు. చదువుతున్నవాడు వాదాన్ని తూచకముందే వాక్యానికి లొంగిపోతాడు.

1928 నాటి 'రాజ్యాంగ సిద్ధాంతం' అలాంటిది కాదు. అది ఓపికగా కట్టిన గ్రంథం. వైమార్ రాజ్యాంగం 76వ అధికరణం ప్రకారం మూడింట రెండు వంతుల మెజారిటీతో సవరణ చేయవచ్చు. ఆ మెజారిటీ ఉంటే ఏదైనా మార్చవచ్చని గెర్హార్డ్ అన్షుట్జ్ వంటి పెద్దలు చెప్పేవారు. ష్మిట్ ఒప్పుకోలేదు. రాజ్యాంగాన్ని ఇచ్చుకునే శక్తి ప్రజలది. సవరించే అధికారం ఆ రాజ్యాంగమే పార్లమెంటుకు అప్పజెప్పిన పని. ముఖ్తారునామా పుచ్చుకున్నవాడు పొలం కౌలుకివ్వవచ్చు, గట్లు సరిచేయించవచ్చు. ఆ కాగితం చూపించి తానే ఆసామీనని మాత్రం రాసుకోలేడు. పోలిక నాది గానీ తర్కం ష్మిట్‌దే. 1933 మార్చి 23న జర్మన్ పార్లమెంటు, కమ్యూనిస్టు సభ్యులను రానివ్వకుండా, 444–94 ఓట్లతో శాసనాధికారాన్ని హిట్లర్ ప్రభుత్వం చేతుల్లో పెట్టినప్పుడు, దాన్ని ప్రశ్నించడానికి కావలసిన వాదన ఈ పుస్తకంలో అయిదేళ్ళ ముందే సిద్ధంగా ఉంది. దాన్ని రాసినవాడు వాడుకోలేదు. పైగా ఆ చట్టానికి అనుకూలంగా వ్యాఖ్య రాశాడు.

ఎందుకు? జవాబు 1931 నాటి ఒక వివాదంలో కొంత దొరుకుతుంది. రాజ్యాంగానికి కాపలా ఎవరన్నది అప్పటి ప్రశ్న. ప్రజలు నేరుగా ఎన్నుకున్న అధ్యక్షుడే, 48వ అధికరణం ఇచ్చిన అత్యవసర అధికారాలతో, కాపలాదారు కావాలని ష్మిట్ అన్నాడు. ఇలాంటి ప్రశ్నలు న్యాయస్థానానికి అప్పగిస్తే రాజకీయం న్యాయమూర్తి ముసుగు వేసుకుంటుందని ఆయన భయం. ఆస్ట్రియా రాజ్యాంగ రచనలో ముఖ్యపాత్ర వహించిన హాన్స్ కెల్సన్ అదే ఏడాది బదులిచ్చాడు. రాజ్యాంగాన్ని అతిక్రమించే అవకాశం ఎవరికి ఎక్కువో వాళ్ళకే తాళంచెవులు ఇస్తారా అన్నది ఆ జవాబు సారాంశం. తన వ్యాజ్యానికి తానే తీర్పరి కాకూడదన్న పాత సూత్రమే అది. 1932 జులైలో బెర్లిన్‌లోని కేంద్రప్రభుత్వం అత్యవసర ఆదేశంతో ప్రష్యా రాష్ట్రప్రభుత్వాన్ని తొలగించింది. లైప్జిగ్ న్యాయస్థానంలో కేంద్రం తరఫున వాదించినవారిలో ష్మిట్ ఒకడు. ఎదుటి పక్షాన హెర్మన్ హెల్లర్ నిలబడ్డాడు.

ష్మిట్ పక్షాన చెప్పవలసినది ఒకటుంది. 1932 నాటి 'చట్టబద్ధత, ధర్మబద్ధత' అనే రచనలో, గణతంత్రాన్ని కూల్చదలచిన పార్టీలకు అధికారపు తలుపులు చట్టబద్ధంగా తెరవకూడదని హెచ్చరించాడు. అప్పటికి ఆయన నాజీ కాడు. జనరల్ కుర్ట్ ఫాన్ ష్లైషర్ వర్గానికి సన్నిహితుడు.

1933 మే 1న పార్టీలో చేరాడు. అదే వసంతంలో కొలోన్ విశ్వవిద్యాలయం యూదుడైన కెల్సన్‌ను తొలగించినప్పుడు న్యాయవిభాగంలోని సహోద్యోగులు ఆయన తరఫున విజ్ఞప్తి రాశారు. సంతకం పెట్టనివాడు ష్మిట్ ఒక్కడే. 1934 జూన్ 30న హిట్లర్ మనుషులు చంపినవారిలో ష్లైషర్ ఉన్నాడు, ఆయన భార్య కూడా ఉంది. నెల తిరిగేసరికి 'నాయకుడు చట్టాన్ని కాపాడుతున్నాడు' అన్న శీర్షికతో ష్మిట్ వ్యాసం వచ్చింది. ఆపద వేళ నాయకుడే అత్యున్నత న్యాయమూర్తి అన్నది అందులోని వాదం. 1936లో న్యాయశాస్త్రం నుంచి యూదు ప్రభావాన్ని ఏరివేయాలంటూ సదస్సు జరిపాడు. అయినా ఆ ఏడాది చివర్లో ఎస్.ఎస్. పత్రిక ఆయనను అవకాశవాదిగా చిత్రించి దాడి చేసింది. పార్టీ పదవులు పోయాయి, ఆచార్య పదవి మిగిలింది.

అవకాశవాదం అన్నమాట అబద్ధం కాదు, కానీ చాలదు. 1931లో కాపలాదారు వ్యక్తి కావాలన్నాడు. ఆ వ్యక్తి నిర్ణయాన్ని ప్రశ్నించే వేదిక ఉండకూడదన్నాడు. ప్రజలంటే ఏకరూపమైన సమూహమని అంతకుముందే రాశాడు. ఆ కుర్చీలో హిండెన్‌బర్గ్ కూర్చున్నంతకాలం అది సంప్రదాయవాది సిద్ధాంతంలా కనిపించింది. హిట్లర్ కూర్చున్నాక మార్చవలసిన వాక్యాలు పెద్దగా లేవు. 1934 వ్యాసం జారుపాటు కాదు, పాత సిద్ధాంతానికి తరువాయి భాగం.

1945 తర్వాత నిర్బంధంలో ఉన్నాడు. నురెంబర్గ్‌లో ప్రశ్నించారు గానీ అభియోగం మోపలేదు. పశ్చాత్తాపం ప్రకటించలేదు. ప్లెట్టెన్‌బెర్గ్‌లో తన నివాసానికి మాకియవెల్లి ప్రవాసపు ఊరి పేరు, సాన్ కషానో, పెట్టుకున్నాడు! మరణానంతరం 1991లో వెలువడిన దినచర్యల్లో యూదుల మీద ద్వేషం అలాగే ఉంది.

ఆయన తర్కంలో సగాన్నే మిగతా ప్రపంచం తీసుకుంది. 1949 నాటి జర్మన్ మూల శాసనం 79వ అధికరణం మూడవ ఖండంలో మానవ గౌరవాన్నీ ప్రజాస్వామ్య మూలసూత్రాలనూ సవరణలకు అందకుండా ఉంచారు. కాపలా మాత్రం అధ్యక్షుడికి ఇవ్వలేదు, కార్ల్స్‌రూహెలోని రాజ్యాంగ న్యాయస్థానానికి ఇచ్చారు. సరుకు ష్మిట్‌ది, కాపలా కెల్సన్‌ది. మన దగ్గర గోలక్‌నాథ్ తీర్పులో రాజమండ్రికి చెందిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు, అంతర్లీన హద్దుల వాదనలో బలముందంటూనే దాని మీద తేల్చకుండా, ప్రాథమిక హక్కులను హరించే చట్టాలను నిషేధించే 13వ అధికరణం ఆధారంగా పార్లమెంటును ఆపాడు. ఆ వాదనను ఆరేళ్ళ తర్వాత కాన్రాడ్‌ను ఉటంకిస్తూ నిలబెట్టినవాడు హెచ్.ఆర్. ఖన్నా. 1976లో ఎమర్జెన్సీ నిర్బంధాల కేసులో, ప్రాణహక్కు కోసం కోర్టుకు వెళ్ళే దారి మూసేయవచ్చని నలుగురు న్యాయమూర్తులు ఒప్పుకుంటే, కాదన్నది కూడా ఆయనే. ష్మిట్ ఆలోచనలో ఒక సగాన్ని స్వీకరించి, రెండో సగాన్ని తిరస్కరించిన న్యాయమూర్తి ఒక్కడే కావడం యాదృచ్ఛికం అనుకోను.

న్యాయస్థానాల గురించి ష్మిట్ సందేహం మాత్రం సమసిపోలేదు. న్యాయమూర్తుల నియామకాలకు కమిషన్ వేస్తూ పార్లమెంటు చేసిన 99వ సవరణను 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కొట్టేయడానికి వాడిన ఆయుధం మౌలిక స్వరూపమే. తన వ్యాజ్యానికి తానే తీర్పరి కావడం అంటే ఇదే కదా అని ష్మిట్ అభిమాని అడిగితే కెల్సన్ శిష్యులకు జవాబు అంత సులువు కాదు. ఆ తీర్పు 4–1తో వచ్చింది. విభేదించిన ఒక్కడు కృష్ణాజిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్. ఆయన అసమ్మతి అదే తీర్పు ప్రతిలో, మిగతా నలుగురి అభిప్రాయాల పక్కనే అచ్చయింది. 1934 ఆగస్టులో జర్మనీలో అటువంటి అసమ్మతి అచ్చు వేసే చోటు లేదు.