చెవితో తిప్పే స్క్రూ

తొలకరి పడి రెండు వారాలు గడిస్తే హైదరాబాద్ శివార్లలో సాగర్ రోడ్డు పొడవునా ఖాళీ ప్లాట్లు పచ్చబడతాయి. ఇంజాపూర్ దాటి తుర్కయాంజాల్, రాగన్నగూడ, మన్నెగూడ దాకా ఎక్కడ చూసినా హద్దురాళ్లు కూడా కనపడనంతగా వయ్యారిభామ, తుంగ, గరిక. దాన్ని కోసేది భుజానికి తగిలించుకునే బ్రష్ కట్టర్లే. మిషన్‌తో సహా రోజు కూలికి వచ్చేవాళ్లు పొద్దున ఆరింటికే మొదలుపెడతారు. ఆ మిషన్‌లో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదిగా ఉండే భాగం ఒకటుంది, కార్బరేటర్. మెకానిక్ షాపుల్లో దాన్ని కార్బేటర్ అనే అంటారు. దానికున్న రెండు మూడు చిన్న స్క్రూల మీదే ఆ మనిషి ఆ రోజు సంపాదన ఆధారపడి ఉంటుంది.

ఈ మిషన్లలో ఎక్కువగా కనిపించేవి 43 సీసీ, 52 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్లు. కారుకో ఇప్పటి బైకుకో ఉన్నట్టు వీటికి అడుగున విడిగా ఆయిల్ ఉండదు. పెట్రోల్లో కలిపిన టూ టీ ఆయిలే లోపలి క్రాంక్‌నీ, బేరింగులనీ, పిస్టన్‌నీ తడిపి కాపాడాలి. కంపెనీ చెప్పినదాన్ని బట్టి లీటరుకు 40 మిల్లీలీటర్లు, మంచి రకం ఆయిలైతే కొన్నింటికి 20 మిల్లీలీటర్లు కలుపుతారు. అంటే పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది. ట్యూనింగ్‌లోని సూక్ష్మమంతా ఇక్కడే ఉంది.

చెయ్యి తిరిగిన మెకానిక్ ముందుగా స్క్రూ జోలికి వెళ్లడు. ఎయిర్ ఫిల్టర్ స్పాంజి ఊడదీసి దుమ్ము దులుపుతాడు. ట్యాంకులోని పెట్రోలు ఫిల్టరు, పైపులో పగుళ్లు, సైలెన్సర్‌లో పేరుకున్న మసి చూస్తాడు. కార్బరేటర్‌ను ఇంజనుకు పట్టి ఉంచే రెండు బోల్టులు అదురుకు వదులైతే పక్క నుంచి గాలి లాగుతుంది. అప్పుడు ఏ స్క్రూ తిప్పినా నిలకడ రాదు. ట్రిగ్గర్ వదిలాక కూడా రేజ్ వెంటనే దిగకుండా అలాగే సాగుతుంటే అతని అనుమానం మొదట ఆ గాలి మీదకే పోతుంది. ట్యూనింగ్ కోసం వచ్చే మిషన్లలో కొన్నింటికి నిజంగా కావలసింది ఈ శుభ్రమే అని నా నమ్మకం.

ఆ తర్వాతే స్క్రూ డ్రైవర్. ‘ఎల్’ అని రాసి ఉన్నది స్లోకి, ‘హెచ్’ అన్నది ఫుల్ రేజ్‌కి. రెండింటినీ ఆనేదాకా మెల్లగా బిగించి (బలంగా బిగిస్తే లోపలి గూడు పాడవుతుంది), ఒకటి నుంచి ఒకటిన్నర చుట్లు వెనక్కి వదులుతారు. ఇంజను వేడెక్కేదాకా కాసేపు నడవనిస్తారు. చల్లటి ఇంజను మీద చేసిన ట్యూనింగ్ నమ్మదగింది కాదు. మొదట ఎల్ తిప్పి స్లో ఎక్కడ గట్టిగా నిలుస్తుందో పట్టుకుని, అక్కణ్నుంచి కొద్దిగా వదులు చేస్తారు. ట్రిగ్గర్ నొక్కగానే ఊపిరాడనట్టు ఆగిపోతే పెట్రోలు చాలట్లేదని, పొగ కక్కుతూ బద్ధకంగా లేస్తే ఎక్కువైందని అర్థం.

హెచ్ దగ్గర మాత్రం చెవి ఒక్కటే సాధనం. నైలాన్ తీగో బ్లేడో బిగించి ఉంచే, కొద్ది సెకన్లు మాత్రమే ఫుల్ రేజ్ ఇస్తారు. పెట్రోలు ఎక్కువగా ఉన్నప్పుడు ప్రతి చుట్టుకీ మంట సరిగా అందదు. శబ్దంలో ఒక గరగర వినిపిస్తుంది. స్క్రూ కొద్దికొద్దిగా బిగిస్తూ పోతే ఆ గరగర పలచబడి, చివరికి తీగ సాగినట్టు సన్నటి, నున్నటి మోత అవుతుంది. కొత్తవాడు అక్కడ ఆపేస్తాడు. వేగం అక్కడే ఎక్కువ, వినడానికీ అదే బాగుంటుంది. కానీ ఆ నున్నదనం ప్రమాదం. అక్కడ పెట్రోలు తక్కువ, దాంతోపాటు ఆయిలూ తక్కువ, వేడి ఎక్కువ. ఎండలో గంటసేపు గడ్డి కోసేసరికి పిస్టన్ ఉబ్బి బోర్ గోడను గీరేస్తుంది, మిషన్ జామ్ అయిపోతుంది. అందుకే పాత చేయి ఆ నున్నటి చోటు తెలుసుకోవడానికే అక్కడిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వస్తుంది. ఖాళీగా తిరిగేటప్పుడు గరగర లీలగా వినిపించాలి. బ్లేడు గడ్డిలో దిగి బరువు పడగానే అది పోయి మోత తేటపడాలి. ఆ రెండూ జరిగితేనే ట్యూనింగ్ కుదిరినట్టు. చివరగా ఐడిల్ స్క్రూతో, ట్రిగ్గర్ వదిలితే బ్లేడు కదలకుండా నిలిచేలా చూస్తారు. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు, పక్కన నిలబడ్డవాళ్ల కాళ్లకు సంబంధించిన విషయం.

ఈ చెవి ఊరికే రాలేదు. చేతక్, లూనా, హైదరాబాద్‌లోనే తయారైన ఆల్విన్ పుష్పక్, 1985లో వచ్చి 1996 దాకా తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100, ఇవన్నీ టూ స్ట్రోక్‌లే. వాటి పక్కన కూర్చుని పెరిగిన తరం సైలెన్సర్ శబ్దంతోనే లోపల ఏం జరుగుతోందో చెప్పగలిగేది. బైకుల్లో ఆ ఇంజన్లు పోయాయి. ఆ విద్య బ్రష్ కట్టర్లకీ, మోటారు స్ప్రేయర్లకీ, గుంతలు తీసే మిషన్లకీ చేరింది. అయితే చేతికి కొత్త అలవాటు కావాలి. ఆర్‌ఎక్స్ 100 మికునీ కార్బరేటర్‌లో ఉన్నది గాలి స్క్రూ, బిగిస్తే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. బ్రష్ కట్టర్‌లో ఉన్నవి పెట్రోలు స్క్రూలు, బిగిస్తే పెట్రోలే తగ్గుతుంది. పాత అలవాటుతో తిప్పితే పని తలకిందులే. ఇంకో తేడా, మిషన్‌ను ఎటు వంచినా నడవాలి కాబట్టి చాలావాటిలో ఫ్లోట్ ఉండదు. ఒక పలుచటి రబ్బరు పొర పైకీ కిందికీ ఆడుతూ పెట్రోలు అందిస్తుంది.

ఆ పొరకూ, ట్యూనింగ్‌కూ ఇప్పుడు కొత్త పరీక్ష వచ్చింది. పెట్రోల్లో ఇథనాల్ పాలు 2022లో పది శాతానికి చేరింది, 2023 నుంచి ఇరవై శాతం కలిపినది బంకుల్లోకి వచ్చింది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే స్క్రూ, అదే చుట్టు మీద మిశ్రమం పలచబడుతుంది. పాత పెట్రోలుకు కుదిర్చిన హెచ్ స్క్రూను ఇప్పుడు కాస్త వదులు చేయాల్సి రావచ్చు. ఋతువు మారినా ఇంతే. మే మధ్యాహ్నపు గాలి కంటే డిసెంబరు పొద్దుటి గాలి చిక్కన. ఎండలో చేసిన ట్యూనింగ్ చలిలో పెట్రోలు చాలదంటుంది. ‘ఒకసారి చేసిచ్చాం, ఇక చూడక్కర్లేదు’ అనే మాట టూ స్ట్రోక్‌కి వర్తించదు.

ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా. గడ్డి సీజన్ అయిపోగానే ట్యాంకు వంచేసి, ఇంజను దానంతటది ఆగేదాకా నడిపి పెట్టకపోతే రబ్బరు పొర గట్టిపడుతుంది, మరుసటి జూన్‌లో ఏ స్క్రూ మాటా వినదు. పొరలూ గ్యాస్కెట్లూ కలిపిన కిట్ మార్చుకోవాల్సిందే. ఇంటి తోటకు బ్యాటరీ మిషన్లు చాలు, మంచివే. రోజంతా ప్లాటు తర్వాత ప్లాటు కోసే మనిషికి మాత్రం ఇంకా పెట్రోలే దిక్కు, అతనికి ఈ విద్య తెలిసిన మెకానిక్ అంతకన్నా అవసరం.

మిషన్ రిపేరుకు ఇచ్చినవాళ్లకు ఒక మాట. షాపు ముందు రేజ్ ఇచ్చి వినిపించిన మోత ఒక్కటే నమ్మి తెచ్చుకోవద్దు. అర ట్యాంకు గడ్డి కోశాక ఇంజను చల్లారనిచ్చి ప్లగ్ విప్పి చూడండి. కొన మట్టిరంగులో, లేత గోధుమరంగులో ఉంటే సరిగ్గా ఉంది. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ, కొంత పొగ, కొంత ఖర్చు. తెల్లగా కాలిపోయి ఉంటే ఆ రోజు ఇంకొక్క ప్లాటు కూడా కోయకుండా మెకానిక్ దగ్గరికి తిరిగి తీసుకెళ్లండి.