రిమోట్‌కు మళ్లీ ప్రాణం పోసేవాళ్లు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ దాకా, టీవీ రిమోట్ బాగుచేసే మెకానిక్ పనితనం చూసి తీరాలి. బటన్ నొక్కి, రిమోట్ మూతిని ఫోన్ కెమెరా ముందు పెడతాడు. కంటికి ఆనని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు తెరమీద ఊదారంగులో మినుకుమంటే ఎల్ఈడీ బాగున్నట్టే. ఆపైన డొప్ప విప్పి, రబ్బరు బటన్ల అడుగున ఉండే నల్లటి కార్బన్ చుక్కలనూ బోర్డునూ స్పిరిట్‌తో తుడుస్తాడు. చాలా రిమోట్లు అక్కడే దారికొస్తాయి.

అతను కాపాడేది చిన్న వస్తువేం కాదు. రిమోట్‌లోని ఆ ఇన్‌ఫ్రారెడ్ వెలుగు సాధారణంగా సెకనుకు 38,000 సార్లు మినుకుమంటుంది. అందుకే టీవీ దాన్ని గదిలోని ట్యూబ్‌లైటు వెలుగుతో కలిపేసుకోదు. ఎన్ఈసీ అనే సంకేత పద్ధతిలో రిమోట్ ముందు 9 మిల్లీసెకన్ల పిలుపు, 4.5 మిల్లీసెకన్ల విరామం, తర్వాత అడ్రసు, ఆజ్ఞ; తప్పు దొర్లకుండా రెండింటినీ తిరగేసి మరోసారి పంపుతుంది. అడ్రసు తనది కాకపోతే టీవీ ఉలకదు, పలకదు.

 

కొత్తది అంటగట్టే వీలున్నా, పాతదాన్నే పనిచేయించి చేతిలో పెట్టే ఈ మెకానిక్‌ను ఎంత మెచ్చుకున్నా తక్కువే.