దామెర్ల బొమ్మల ముందు

దామెర్ల రామారావు అనగానే మనకి ముందు ఆయన చావే గుర్తొస్తుంది. 1925లో మశూచి, అప్పటికి 28 ఏళ్ళు కూడా నిండలేదు. సగంలో ఆగిపోయిన ప్రాజెక్టుని చూడబోతున్నట్టే నేనూ రాజమండ్రిలో ఆయన గ్యాలరీకి వెళ్ళాను. ‘పుష్పాలంకరణ’ ముందు నిలబడ్డాక ఆ జాలి నిలవలేదు.

ప్రిన్సిపాల్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్లో చేరి, మనిషి ఒంటిని చూసి గీయడం నేర్చుకున్నారాయన. గీత మాత్రం అజంతా వైపే మొగ్గింది. ఆ రెండూ ఈ బొమ్మలో కొట్లాడుకోవు. చదువయ్యాక గోదావరి ఒడ్డుకే తిరిగొచ్చి చిత్రకళకి బడి పెట్టారు. ఏం గీయాలో, ఎక్కడుండాలో తేల్చుకున్న మనిషన్నమాట.

బతికుంటే ఎంతటివారయ్యేవారో అని నిట్టూరుస్తూ, ఉన్న బొమ్మల్ని సరిగ్గా చూడ్డం మానేశాం. మిత్రుడు వరదా వెంకటరత్నం వాటిని కాపాడిపెట్టారు. చూడాల్సిన బాకీ మనదే.