గౌడవెల్లి చేరువలో రెండు దారులు: మౌలిక వసతుల ఆర్థిక పరిభాషపై విమర్శ

సికింద్రాబాదు – మన్మాడు రైలుమార్గంలో మేడ్చల్‌కు ముందు వచ్చే చిన్న స్టేషను గౌడవెల్లి. ఊరికి చేరువలోనే హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు సాగిపోతుంది. 2023 ఏప్రిల్ 8న మేడ్చల్ వరకు ఎం.ఎం.టి.ఎస్. రెండవ దశ ప్రారంభమైంది. అదే నెలాఖరున 158 కిలోమీటర్ల ఔటర్‌పై టోల్ వసూలు హక్కు 7,380 కోట్ల రూపాయలకు, 30 ఏళ్ల కాలానికి ఐ.ఆర్.బి. సంస్థకు ఖరారైంది. ప్రణాళికాపత్రాలు రెంటినీ మౌలిక వసతుల అభివృద్ధిగానే పేర్కొంటాయి. వాటి వెనుక ఉన్న ధనమార్గాలు మాత్రం పూర్తిగా వేరు.

రైలు పథకం 2012–13లో సుమారు 817 కోట్ల అంచనాతో మంజూరైంది. మూడింట రెండు వంతులు రాష్ట్రానివి, ఒక వంతు రైల్వేది. ఇందులో వాటాలు తేల్చారు గాని, ఆలస్యానికి పూచీ ఎవరిదో తేల్చలేదు. దశాబ్దం గడిచిపోయింది.

రోడ్డు విషయం మరింత చిక్కైనది. 2021లో కేంద్రం ఆరు లక్షల కోట్ల లక్ష్యంతో ప్రకటించిన జాతీయ పథకంతో ‘ఆస్తుల ద్రవ్యీకరణ’ అనే మాట ప్రచారంలోకి వచ్చింది. తెలంగాణ పల్లె దీనిని కౌలు అంటుంది. మక్తా మొత్తం ముందుగానే పుచ్చుకొని ఇచ్చిన కౌలు. నిజాం రాజ్యానికి ఇది కొత్త కాదు. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగ్ సంస్కరణలకు పూర్వం ప్రభుత్వం శిస్తు వసూలును గుత్తకిచ్చి, దానిపై ముందస్తు సొమ్ము తెచ్చుకొనేది. అయితే రెండూ ఒకటేననడం తొందరపాటు. నేటి గుత్తదారు తన ఇష్టానుసారం టోల్ పెంచలేడు. రోడ్డు నిర్వహణ భారమూ అతనిదే.

పోలిక నిలిచేది లెక్కల దగ్గర. ముప్పై ఏళ్ల తర్వాత వచ్చే 100 రూపాయల నేటి విలువ, ఎనిమిది శాతం డిస్కౌంటు రేటున దాదాపు 10 రూపాయలు. పన్నెండు శాతం రేటున మూడు రూపాయల చిల్లర. ఏ రేటు ఎంచుకున్నారు, వాహనాల పెరుగుదలను ఎంతగా ఊహించారు అన్నదానిపైనే ఒప్పందం లాభనష్టాలు ఆధారపడతాయి. ప్రాథమిక అంచనా విలువను బిడ్లకు ముందే ప్రకటించలేదన్నది అప్పట్లో వచ్చిన ప్రధాన విమర్శ. ఆ విలువా, దాని వెనుక ఉన్న అంచనాలూ ముందుంచనిదే 7,380 కోట్లు ఎక్కువన్న ప్రశంసకు గాని, తక్కువన్న ఆరోపణకు గాని శాస్త్రీయమైన ఆధారం ఉండదు.

1883లో చాందా రైల్వే పథకం విషయంలో ముల్లా అబ్దుల్ ఖయ్యూం, అఘోరనాథ్ చటోపాధ్యాయ ప్రభృతులు కోరింది కూడా ఇంతే: సంతకాలకు ముందు షరతులు ప్రజలకు తెలియాలని. అఘోరనాథ్‌ను ఆ ఏడాది మే నెలలో హైదరాబాదు నుంచి బహిష్కరించారు. రైల్వే కంపెనీకి మాత్రం రాజ్య ఖజానా వడ్డీకి హామీ ఇచ్చింది; ఆ సంస్థ పేరులోనే ‘గ్యారంటీడ్’ అన్న మాట చేరింది.