గడ్డిని లెక్కపెట్టిన రచయిత్రి

అడవి మీద కవి రాస్తే చెట్టుకు పేరుండదు. శాస్త్రవేత్త రాస్తే ఆ చెట్టు దగ్గరికి వెళ్లే మనిషి ఉండడు. అమెరికాలోని పొటవాటమీ తెగకు చెందిన రాబిన్ వాల్ కిమ్మెరర్ పుస్తకాల్లో ఇద్దరూ ఉన్నారు. ఆమె న్యూయార్క్ రాష్ట్రంలో వృక్షశాస్త్ర ఆచార్యులు. 2003లో నాచు మొక్కల మీద ఒక పుస్తకం, 2013లో ‘బ్రెయిడింగ్ స్వీట్‌గ్రాస్’ రాశారు. ఈ రెండోది ఏడేళ్ల తర్వాత గాని ఎక్కువగా అమ్ముడయ్యే పుస్తకాల జాబితాకెక్కలేదు. అన్నాళ్లూ ఆమె చేతిలో పాఠం చెప్పే ఉద్యోగం ఉంది. రాయాలనుకునే మన పిల్లలు ఇది గమనించాలి.

స్వీట్‌గ్రాస్ అంటే బుట్టలల్లే వాసన గడ్డి. కోస్తే అది తగ్గిపోతుందా? కోస్తేనే బాగా పెరుగుతుందని బుట్టలల్లే ఆడవాళ్లు అన్నారు. కోత మొక్కకు చెరుపేనని ఆచార్యులు అన్నారు. కిమ్మెరర్ శిష్యురాలు మడులు కట్టి, కొన్నింట్లో సగం గడ్డి కోసి, కొన్నింటిని ముట్టకుండా వదిలి, పిలకలు లెక్కపెట్టింది. ముట్టని మడులే క్షీణించాయి. ఈ కథంతా ప్రయోగ నివేదిక రూపంలోనే ఉంటుంది: పరికల్పన, పద్ధతి, ఫలితం. పుస్తకంలో మాకు బాగా నచ్చిన అధ్యాయం ఇదే. ఇక్కడ వాక్యం అందంగా ఉండటానికి కారణం లెక్క సరిగ్గా ఉండటం.

అన్నీ ఒప్పుకోలేం. చెట్టునూ పిట్టనూ వస్తువును పిలిచినట్టు పిలుస్తుందని ఇంగ్లీషు మీద ఆమె ఫిర్యాదు. మన తెలుగులో అక్క వచ్చింది, ఆవు వచ్చింది, వాన వచ్చింది. కోయ, గోండి భాషల్లోనూ ఇంచుమించు ఇంతే. ఆమె వాదన మనకు అతకదు, కొత్తగా ఆలోచించుకోవాల్సిందే. ఇంకోటి, స్వీట్‌గ్రాస్ కానుక, దాన్ని అమ్మితే పవిత్రత పోతుందంటారు. జీతం వచ్చే ఇంట్లో ఈ మాట తేలిక. మనకు తునికాకు కట్ట అంటే బియ్యం. కల్లం దగ్గర కట్టకు ఎంతిస్తారు, ఎన్ని కట్టలు పనికిరావని పక్కన పడేస్తారు అన్నది కూడా అడవి గురించిన రచనే.

తునికి పొదలకు ముందుగా కొమ్మ కొడితేనే లేత ఆకు వస్తుందని మన ఊళ్లలో అందరికీ తెలుసు. కొట్టిన పొద ఎన్ని ఆకులిచ్చింది, కొట్టనిది ఎన్నిచ్చింది అని మూడేళ్లు వరసగా రాసిపెట్టిన నోటుపుస్తకం మాత్రం మేమింకా చూడలేదు.